రేపటి అల ఎప్పుడో బయల్దేరింది

పసిఫిక్ మహాసముద్రం నడుమ, ఫ్రెంచ్ పాలినేసియాలో తహితి దీవి ఉంది. దాని ఆగ్నేయ కొసన ఒక చిన్న ద్వీపకల్పం. ఆ ద్వీపకల్పం నైరుతి ఒడ్డున, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న ఊరు తెయాహుపో. ఊరి ముందు లోతు లేని ఉప్పునీటి మడుగు. దాన్ని దాటితే, ఒడ్డుకు దాదాపు అర కిలోమీటరు దూరంలో పగడపు దిబ్బ. ఆ దిబ్బ అంచున విరిగే అల ప్రపంచంలోని సర్ఫర్లందరికీ తెలుసు. చాలామందికి దానంటే భయం కూడా.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీలు జరిగింది ఇక్కడే, పారిస్‌కు 15,700 కిలోమీటర్ల దూరంలో. పోటీలు ముగియడానికి నాలుగైదు రోజులు చాలు. నిర్వాహకులు మాత్రం జూలై 27 నుంచి ఆగస్టు 5 దాకా పది రోజులు చేతిలో పెట్టుకున్నారు. ఏ రోజు పోటీ పెట్టాలో, ఏ రోజు ఆపాలో తేల్చింది సముద్రమే. సముద్రం ఏం చేయబోతోందో ముందే చెప్పే బాధ్యత సూచనకారులది.

అలాంటి సూచన ఎలా ఉంటుందో చూద్దాం. ఉదాహరణకు ఒక శుక్రవారం ఉదయానికి ఇలా రాశారనుకుందాం: స్వెల్ 2.5 మీటర్లు, 16 సెకన్లు, దిశ 210 డిగ్రీలు; గాలి ఈశాన్యం నుంచి 6 నాట్లు; పోటు మధ్యాహ్నం. ఒక్క వాక్యంలో ఐదు సంగతులున్నాయి. అన్నీ అంకెలే కాబట్టి అన్నిటినీ ఒకేలా నమ్మాలనిపిస్తుంది. కానీ వీటిలో కొన్ని ఎన్నో రోజుల ముందే దాదాపు ఖాయం. కొన్ని ముందురోజు రాత్రి కూడా మారిపోవచ్చు. సూచన చదవడమంటే ఏ అంకెను ఎంత నమ్మాలో తెలుసుకోవడమే. దానికి ఆ అల కథ మొదటి నుంచీ తెలియాలి.

గాలి చేసే పని

తెయాహుపోకు చేరే పెద్ద అలలు తహితి దగ్గర పుట్టవు. న్యూజిలాండ్‌కు ఆగ్నేయంగా, అంటార్కిటికా వైపు, 40 నుంచి 60 డిగ్రీల దక్షిణ అక్షాంశాల మధ్య పుడతాయి. భూగోళం పాఠంలో ‘గర్జించే నలభైలు’ అని చదువుకున్న ప్రాంతం ఇందులోదే. పడమటి గాలులకు అక్కడ అడ్డొచ్చే భూమి చాలా తక్కువ. మే నుంచి సెప్టెంబరు దాకా, అంటే దక్షిణార్ధగోళపు చలికాలంలో, ఒకదాని వెనక ఒకటిగా లోతైన అల్పపీడనాలు తూర్పుకు సాగుతుంటాయి.

గాలి నీటి మీద వీచినప్పుడు మొదట చిన్న ముడతలు లేస్తాయి. ఆ ముడతలు గాలికి పట్టు దొరికేలా చేస్తాయి. పట్టు దొరికిన గాలి వాటిని మరింత ఎత్తుకు నెడుతుంది. అల ఎంత పెరుగుతుందన్నది మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: గాలి వేగం, అది వీచిన సమయం, ఒకే దిశలో అది ఎంత మేర నీటిని తాకిందన్నది. ఈ మూడింటినీ లెక్కల్లోకి తెచ్చిన తొలితరం శాస్త్రవేత్తల్లో హెరాల్డ్ స్వెర్‌డ్రప్, ఆయన శిష్యుడు వాల్టర్ మంక్ ముఖ్యులు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలను ఒడ్డుకు దించే పడవలు అలలకు బోల్తా పడకుండా ఉండాలంటే ఏ రోజు సముద్రం ఎలా ఉంటుందో ముందే తెలియాలి. ఆ అవసరం కోసం వాళ్లు కట్టిన పద్ధతినే 1944లో నార్మండీ దాడికీ వాడారు. ఈనాటి సర్ఫింగ్ సూచనకు పునాది అక్కడుంది.

తుఫాను కింద సముద్రం గందరగోళంగా ఉంటుంది. పొట్టివీ పొడుగువీ, ఇటువీ అటువీ, అన్ని రకాల అలలూ కలగలిసి ఉంటాయి. ఆ చోటు దాటి బయటికి వచ్చాక అవి సర్దుకుని, నున్నగా, వరసగా సాగే అలలవుతాయి. వాటినే స్వెల్ అంటారు.

పొడుగు అల ముందు, పొట్టి అల వెనక

ఒక అల శిఖరం దాటాక మరో శిఖరం రావడానికి పట్టే సమయాన్ని ఆవర్తన కాలం అంటారు. మన సూచనలో 16 సెకన్లు అన్నది ఇదే. లోతైన సముద్రంలో ఆవర్తన కాలం ఎంత ఎక్కువైతే అల అంత వేగంగా పోతుంది. ఒకే స్టాండు నుంచి ఒకే వేళకు బయల్దేరిన ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లా తుఫాను నుంచి కలిసి బయల్దేరిన అలలు దారిలో విడిపోతాయి.

ఈ లెక్క వేయడం తేలిక. ఆవర్తన కాలాన్ని సెకన్లలో తీసుకుని 2.8తో గుణిస్తే, అలల గుంపు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో సుమారుగా వస్తుంది. 20 సెకన్ల అలల గుంపు వేగం గంటకు 56 కిలోమీటర్లు. 16 సెకన్లదైతే 45. 12 సెకన్లదైతే 34. ఒక్కో శిఖరాన్ని విడిగా చూస్తే దాని వేగం దీనికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది. గుంపు వెనక భాగంలో శిఖరం పుట్టి, గుంపు మధ్యలోంచి ముందుకు నడిచి, ముందు అంచు దగ్గర మాయమవుతుంది. శక్తి మాత్రం గుంపు వేగంతోనే ప్రయాణిస్తుంది. అందుకే ఎప్పుడు చేరుతుందో లెక్కించడానికి గుంపు వేగమే వాడాలి.

తెయాహుపోకు 4000 కిలోమీటర్ల దూరంలో సోమవారం మధ్యాహ్నం తుఫాను ఉధృతంగా ఉందనుకుందాం. 20 సెకన్ల అలలు 71 గంటల్లో, గురువారం ఉదయం 11 గంటల ప్రాంతంలో చేరతాయి. అప్పటికి వాటి ఎత్తు చాలా తక్కువ. ఊరివాళ్లకు తప్ప మరొకరికి కనిపించవు. 16 సెకన్ల అలలు 89 గంటల్లో, శుక్రవారం తెల్లవారుజామున వస్తాయి. అసలు బలం వీటిదే. సాయంత్రానికి 14 సెకన్లవి, శనివారం ఉదయం 11 గంటలకు 12 సెకన్లవి వచ్చి, బలం తగ్గుతూ పోతుంది. నిజమైన తుఫాను ఒక్క గంటలో ఒక్క చుక్క దగ్గర ఉండదు. రోజంతా, వందల కిలోమీటర్ల మేర పరచుకుని ఉంటుంది. కాబట్టి ఈ వేళలు అటూ ఇటూ జరుగుతాయి. వరస మాత్రం మారదు.

ఇదే లెక్కను తిరగేసి కూడా వేయవచ్చు. వచ్చే అలల ఆవర్తన కాలం ఎంత త్వరగా తగ్గుతోందో చూస్తే తుఫాను ఎంత దూరాన పుట్టిందో తెలుస్తుంది. దగ్గరి తుఫానుదైతే గబగబా తగ్గుతుంది, దూరపుదైతే నెమ్మదిగా. మంక్ బృందం ఈ పద్ధతితోనే అమెరికా పశ్చిమ తీరానికి వచ్చిన కొన్ని అలలు హిందూ మహాసముద్రంలో పుట్టాయని తేల్చింది. 1963లో న్యూజిలాండ్ నుంచి సమోవా, హవాయి మీదుగా అలాస్కా దాకా ఒకే గీత మీద పరికరాలు అమర్చి, దక్షిణ తుఫానుల అలలు పసిఫిక్ మొత్తాన్ని ఎలా దాటుతున్నాయో కొలిచారు. తుఫాను చోటు దాటాక పొడుగు అలలు దారిలో కోల్పోయే శక్తి చాలా తక్కువని ఆ కొలతలు చూపాయి. వేల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చే అలను ముందే చెప్పగలగడానికి మూలకారణం ఇదే.

ఇక్కడొక తేడా గమనించాలి. నాలుగు రోజుల తర్వాతి సూచన చూస్తున్నప్పుడు, ఆ అలను పుట్టించే తుఫాను ఇప్పటికే వచ్చిపోయి ఉంటే మిగిలింది ప్రయాణపు లెక్కే. ఉపగ్రహాలు ఆ అలల ఎత్తును సముద్రం మధ్యలోనే కొలిచి లెక్కను సరిచూస్తాయి. అలా కొలిచిన ఉపగ్రహాల్లో భారత్, ఫ్రాన్స్ కలిసి తయారుచేసిన సరళ్ ఒకటి. 2013 ఫిబ్రవరి 25న అది శ్రీహరికోట నుంచే నింగికెగిసింది. పది రోజుల తర్వాతి సూచన సంగతి వేరు. దాన్ని పుట్టించాల్సిన తుఫాను ఇంకా పుట్టలేదు. అప్పుడు చెబుతున్నది అల గురించి కాదు, రాబోయే వాతావరణం గురించి. తుఫాను రెండు వందల కిలోమీటర్లు పక్కకు జరిగినా ఆ సూచన తారుమారవుతుంది.

రెండున్నర మీటర్లంటే ఎంత?

సూచనలో 2.5 మీటర్లు అని ఉంటే ప్రతి అలా రెండున్నర మీటర్లు ఉంటుందని కాదు. అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతును విడదీసి, వాటి సగటు ఎత్తును ఇలా రాస్తారు. చాలా అలలు అంతకన్నా చిన్నవి. కొన్ని బాగా పెద్దవి. మూడు గంటల్లో 16 సెకన్లకొకటి చొప్పున దాదాపు 675 అలలు వస్తాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది రాసిన ఎత్తుకు 1.8 రెట్లు, అంటే 4.5 మీటర్ల దాకా ఉండడం మామూలే. ఇది నడిసముద్రంలో ఎత్తు. దిబ్బ మీదికొచ్చాక ఇంకా పెరుగుతుంది.

కొత్తగా సూచన చదివేవాళ్లు ఎత్తునే చూస్తారు. అనుభవమున్నవాళ్ల కళ్లు ముందు సెకన్ల మీదికి పోతాయి. అల మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గానికీ, ఆవర్తన కాలానికీ అనులోమంగా ఉంటుంది. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఎత్తు అదే ఉండి 8 సెకన్లు 16 అయితే శక్తి రెండింతలు. పైగా పొడుగు అల పొట్టిదానికన్నా చాలా లోతుకు దిగి ఉంటుంది. దిబ్బ దగ్గర ఆ లోతే అసలు సంగతి.

దిబ్బ దగ్గర జరిగేది

16 సెకన్ల అలకు నడిసముద్రంలో శిఖరం నుంచి శిఖరానికి 400 మీటర్ల పొడుగుంటుంది. అందులో సగం, అంటే 200 మీటర్ల లోతులోనే దానికి అడుగు తగలడం మొదలవుతుంది. విశాఖపట్నం లాంటి చోట ఖండపు తీరపు అంచు సముద్రంలోకి పదుల కిలోమీటర్లు పరచుకుని ఉంటుంది. అల ఆ మేరంతా అడుగుకు రాసుకుంటూ, వంగుతూ, బలం పోగొట్టుకుంటూ వస్తుంది. తహితి అగ్నిపర్వతం కట్టిన దీవి. సముద్రపు అడుగు నుంచి నిటారుగా లేచింది. తెయాహుపో దిబ్బకు బయట సముద్రం చాలా తక్కువ దూరంలోనే వందల మీటర్ల లోతుకు పడిపోతుంది. అందువల్ల నైరుతి నుంచి వచ్చిన అల శక్తంతా కూడగట్టుకునే దిబ్బ ముందుకు వచ్చేస్తుంది.

అప్పటిదాకా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చిన శిఖరం, మూడు మీటర్ల లోతులోకి రాగానే గంటకు 20 కిలోమీటర్లకు పడిపోతుంది. ముందు భాగం నెమ్మదిస్తుంది. వెనక భాగానికి ఆ సంగతి తెలియదు, అది వస్తూనే ఉంటుంది. నీళ్లు పోగుపడి అల పైకి లేస్తుంది. లేస్తున్న అల దిబ్బ మీది నీటిని తన వైపుకు లాక్కుంటుంది. అందుకే తెయాహుపోలో అల మొదలు చుట్టూ ఉన్న నీటిమట్టం కన్నా కిందికి దిగినట్టు కనిపిస్తుంది. సముద్రంలో ఒక మెట్టు విరిగినట్టుంటుంది. ఆ మెట్టు అంచు నుంచి మందమైన నీటి పెదవి ముందుకు ఎగిరి పడి గొట్టంలా చుట్టుకుంటుంది. సర్ఫరు ఆ గొట్టంలోంచి బయటపడాలి. కింద మీటరుకు కాస్త అటూ ఇటూ నీళ్లు, వాటి కింద పదునైన పగడం.

అడుగు మెల్లగా ఎక్కే తీరంలో అల ముందు నుంచే నురగలు కక్కుతూ నెమ్మదిగా కూలుతుంది. అడుగు ఒక్కసారిగా లేచే చోట ఇలా గొట్టంలా విరుచుకుపడుతుంది. అలకు ఆకారం ఇచ్చేది అడుగు వాలే.

దిశ కూడా ఇక్కడే పని చేస్తుంది. 210 డిగ్రీలంటే దక్షిణ నైరుతి. ఆ దిశ నుంచి వచ్చిన అల దిబ్బ అంచు వెంబడి ఒక కొస నుంచి మరో కొసకు వరసగా విరుగుతూ పోతుంది. సర్ఫరుకు ముందు ఎప్పుడూ విరగని గోడ ఉంటుంది. దిశ పడమరకు జరిగే కొద్దీ అల దిబ్బకు నేరుగా ఎదురవుతుంది, చాలా మేర ఒకేసారి కూలుతుంది. అంకెల్లో ముప్ఫై డిగ్రీలే తేడా. నీళ్లలో ఉన్నవాడికి అది బయటపడే దారి ఉండడానికీ లేకపోవడానికీ ఉన్న తేడా.

విరిగిన అల ఎక్కడికి పోతుంది? దిబ్బ పక్కనే లోతైన కాలువ ఉంది. కొండల్లోంచి దిగే ఏటి మంచినీళ్లు సముద్రంలో కలిసే చోట పగడం పెరగలేకపోయింది. పగడపు జీవికి ఉప్పునీళ్లే కావాలి. అందుకే గోడలో సందు మిగిలింది. పడవలు ఆ సందులోంచే వెళ్తాయి. అలకు కొద్ది మీటర్ల దూరంలో ప్రేక్షకులూ ఫొటోగ్రాఫర్లూ పడవల్లో ఉండగలిగేది ఆ లోతు వల్లే. ఈ అలను దిబ్బతో పాటు వానా, కొండా, ఏరూ కలిసి చేశాయి.

గాలి, పోటు

అల వేల కిలోమీటర్లు దాటి వచ్చినా చివరి వంద మీటర్లలో స్థానిక గాలి దాన్ని పాడుచేయగలదు. నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి అల ముఖాన్ని నున్నగా ఉంచి, నిలబెట్టి, విరగడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. సముద్రం నుంచి నేల వైపు వీచే గాలి దాన్ని ముందే కూల్చేస్తుంది. తెయాహుపోలో అల నైరుతికి ఎదురుగా ఉంది కాబట్టి ఈశాన్యపు గాలి మేలు. వెనకనున్న 1300 మీటర్ల ఎత్తు కొండలు రోజూ వీచే వ్యాపార పవనాలకు అడ్డు నిలుస్తాయి. చలికాలంలో దీవికి దక్షిణంగా బలమైన అధికపీడనం వచ్చి కూర్చుంటే మాత్రం ఆగ్నేయం నుంచి ఉధృతమైన గాలి, వాన మొదలవుతాయి. తహితివాళ్లు దాన్ని మరాఆము అంటారు. అది పట్టుకుందంటే ఎంత మంచి స్వెల్ వచ్చినా వృథా.

కొండల మధ్య గాలి తీరును ముందే చెప్పడం కష్టం. ఒక్కో లోయకూ ఒక్కో తీరు. రాత్రి చల్లబడిన కొండగాలి తెల్లవారుజామున సముద్రంలోకి దిగుతుంది. ఎండ పెరిగే కొద్దీ అది తిరగబడుతుంది. ప్రపంచమంతటికీ లెక్క వేసే కంప్యూటర్ నమూనాల్లో ఒక్కో గడి కొన్ని కిలోమీటర్ల వెడల్పుంటుంది. అంత పెద్ద గడిలో ఒక లోయ కనబడదు. ఆ చివరి దిద్దుబాటు చేయగలిగేది అక్కడే పుట్టి పెరిగినవాళ్లు.

పోటు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అన్నిటికన్నా కచ్చితంగా చెప్పగలిగేది అదే. మన విశాఖలో పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, చంద్రుడి నడకను బట్టి. తహితిలో అలా జరగదు. ఏడాది పొడవునా పోటు మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతాల్లోనే వస్తుంది. పాటు ఉదయం, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో. చంద్రుడి ప్రభావంతో లేచే పోటు దాదాపు సున్నా అయ్యే చోటు తహితికి సమీపంలో ఉండడం దీనికి కారణం. అక్కడ మిగిలేది సూర్యుడి పోటు, దాని గడియారం మారదు. పోటుకూ పాటుకూ తేడా కూడా 30 సెంటీమీటర్ల ప్రాంతమే. అయినా దిబ్బ మీద మీటరు నీళ్లే ఉన్నప్పుడు 30 సెంటీమీటర్లు తక్కువేమీ కాదు.

ఏది ఎంత నమ్మాలి

ఇప్పుడు ఆ శుక్రవారం సూచనను మళ్లీ చదవండి. పోటు వేళను ఏడాది ముందైనా నమ్మవచ్చు. ఆవర్తన కాలం, దిశ, వచ్చే పూట తుఫాను వెలిసిన మర్నాటికి దాదాపు ఖాయం. ఎత్తులో కొంత తేడా రావచ్చు. గాలిని ఒకట్రెండు రోజుల ముందు దాకా గట్టిగా చెప్పలేం. యూరప్ వాతావరణ కేంద్రం తన నమూనాను ఆరంభంలో కొద్ది కొద్ది మార్పులతో 50 సార్లు నడిపి చూస్తుంది. యాభైలో నలభై ఐదు ఒకే మాట చెబితే నమ్మకం ఎక్కువ, చెదిరిపోతే తక్కువ. మంచి సూచనకారుడు అంకెతో పాటు ఈ నమ్మకం ఎంతో కూడా చెబుతాడు.

ఏ నమూనా చెప్పలేనిది ఒకటుంది: ఫలానా అరగంటలో ఫలానా అల వస్తుందా అన్నది. బ్రెజిల్ సర్ఫరు గాబ్రియెల్ మెదీనా జూలై 29న పెద్ద స్వెల్ మధ్య ఒకే అలకు 9.90 పాయింట్లు సాధించాడు. అల దాటి గాల్లోకి లేచి వేలు పైకెత్తిన ఆయన ఫొటో ప్రపంచమంతా చూసింది. అదే మెదీనా ఆగస్టు 5న సెమీఫైనల్లో ఎదురుచూస్తూ కూర్చుని, ఒక్క అల మాత్రమే పట్టగలిగి ఓడిపోయాడు. స్వెల్ వస్తుందన్నది లెక్క. అది గుంపులుగా వస్తుంది, మధ్యలో ఖాళీలుంటాయి. ఏ ఖాళీ ఎవరి వంతులో పడుతుందన్నది సంభావ్యత. ఆ రోజు స్వర్ణం గెలిచింది ఈ తీరంలోనే పెరిగిన కౌలి వాస్ట్.

ప్రమాదం తప్పించడంలోనే సూచనకు అసలు విలువ. 2011 ఆగస్టు 27న రాబోయే స్వెల్ ఎంత పెద్దదో ముందే తెలిసి, అధికారులు కోడ్ రెడ్ ప్రకటించి పడవలను నీళ్లలోకి వెళ్లొద్దన్నారు.

ఈ మొత్తం లెక్కలో మారనిదిగా పెట్టుకున్నది ఒక్కటే, దిబ్బ. ఇసుక తీరంలో ప్రతి గాలివానకూ అడుగు మారుతుంది, దాంతో అల విరిగే చోటూ మారుతుంది. పగడపు దిబ్బ నిలకడగా ఉంటుంది కాబట్టే పదేళ్ల కిందటి అనుభవం ఈరోజూ పనికొస్తుంది. కానీ అది బతికున్న కట్టడం. ఒలింపిక్స్ న్యాయనిర్ణేతల కోసం కొత్త అల్యూమినియం టవరు కట్టే పనిలో 2023 డిసెంబరులో ఒక బార్జి పగడాన్ని విరగ్గొట్టినప్పుడు ఊరివాళ్లు, సర్ఫర్లు గట్టిగా నిలదీశారు. పని ఆపి, జాగ్రత్తలు పెంచాల్సి వచ్చింది. చేపలూ అలా రెండూ దిబ్బ మీదే ఆధారపడ్డ ఊరు అది. వాళ్ల కోపం న్యాయమైనది.

మన తీరానికి

ఇదంతా పసిఫిక్ కథ అనుకోనక్కర్లేదు. హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన కూడా అవే గర్జించే నలభైలు. అక్కడి తుఫానుల స్వెల్ కొన్ని రోజుల్లో మన తీరాలకు చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రోజున కేరళ తీరంలో ఉన్నట్టుండి నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. అక్కడివాళ్లు దాన్ని కళ్లక్కడల్ అంటారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు దాని మూలాన్ని దక్షిణ సముద్రంలో గుర్తించి, ఇప్పుడు ముందే హెచ్చరికలిస్తున్నారు. విశాఖ దగ్గర నీటి మీద తేలే ‘బాయ్’ అనే పరికరం అలల ఎత్తునూ ఆవర్తన కాలాన్నీ కొలిచి అదే సంస్థకు పంపుతుంది. ఆ హెచ్చరికలు మన జాలరులకూ చేరుతున్నాయి.

ఒడ్డున నిలబడి చూస్తే ఆకు కదలదు, మబ్బు తునక ఉండదు. అలాంటి రోజున పెద్ద అలలొస్తాయని హెచ్చరిక వస్తే కొట్టిపారేయాలనిపించడం సహజం. కానీ ఆ అలను లేపిన గాలి మన గాలి కాదు, ఆ తుఫాను వెలిసి రోజులైంది. ఆవర్తన కాలం ఎక్కువున్న హెచ్చరికలో ఎత్తు చిన్నగా కనిపించినా దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. ఆ రోజు వలలూ ఇంజన్లూ ఒడ్డుకు దూరంగా లాగి పెట్టుకోవడం, పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపకపోవడం, పడవను కెరటాల్లోకి దించకపోవడం మన చేతిలో పని. అల రావడం మాత్రం అప్పటికే ఖాయమైపోయింది.